అకారాదిక్రమమును గంప్యూటరును

అకారాదిక్రమ మనునది లోకమున నొక్కటియే యని పలువురు తలంతురు. శాస్త్రము చదివినవారి కది యట్లు తోఁపదు. పాణిని వర్ణములను బఠించిన క్రమము వేఱు. బాలురు పలకపై దిద్దు క్రమము వేఱు. మొదటిది ప్రత్యాహారములకై యేర్పడినది గాన నందు హకారము రెండుమాఱులు చదువఁబడినది. ఆ క్రమమున నిఘంటువు కూర్పఁబూనినచో హకారాదిపదముల నేచోట నుంచవలయునో తేలదు. క్రమము ప్రయోజనమును బట్టి మాఱు నను నీ విషయమును గంప్యూటరునకు లిపులు నేర్పినవారును గుర్తింపవలసివచ్చెను.

కంప్యూటరున కక్షరములు తెలియవు. సంఖ్యలు మాత్రమే తెలియును. 1991లో తొలికూర్పు వెలువడిన యూనికోడ్ అను సంకేతపద్ధతిలోఁ దెలుఁగునకు 3072 మొదలు 3199 వఱకుఁ గల గదు లీయఁబడినవి. అకారము 3077, కకారము 3093. రెండుపదములను బోల్చుమన్నచోఁ బైథాన్ మొదలగు ప్రోగ్రామింగు భాష లీ సంఖ్యలనే మొదటినుండి యొకటొకటిగాఁ జూచి, తొలిభేదము కనఁబడినచోటఁ జిన్నసంఖ్య గలదానిని ముందుంచును. ఇది కొంతవఱకుఁ దెలుఁగునకు నప్పినది. గుణింతపు గుర్తుల సంఖ్యలు హల్లులకుఁ దరువాతను, పొల్లుగుర్తు సంఖ్య వానికిని దరువాతను నుండుటచేఁ గమలము, కాలము, కీలు, కౌలు, క్రమము అను వరుస తనంతఁ దానే కుదురును. ఇది కాకతాళీయము గాదు. ఇస్కీ యను భారతీయప్రమాణపు 1988 నాఁటి కూర్పునుండి యూనికోడువా రీ యమరికను గైకొనిరి.

ఆ ప్రమాణమున భారతీయలిపుల కన్నిఁటికి నొకే పట్టిక. తమిళమునఁ గల రెండవ నకారమునకై విడిచిన గది తెలుఁగున నేఁటికిని ఖాళీగా నున్నది. ఆ పట్టికలోనే ళకారము లకారమును జేరి, వకారమునకు ముందు కూర్చుండెను. వర్ణమాలలో ళకారము హకారమునకుఁ బిమ్మట వచ్చును గాన, కవి ముందును గళ వెనుకను నుండవలయును. యంత్ర మిందుకు విపరీతముగాఁ గళను ముందుంచును. ఱకారమును రేఫము ప్రక్కనుంచుట మాత్రము మేలే; పలుకుబడిలో వాని భేదము మాసినది గదా.

చిక్కంతయు నరసున్నతో వచ్చును. దాని సంఖ్య 3073, హల్లుల కన్నిఁటికంటెఁ జిన్నది. ఇందుచే వాఁడు అను సర్వనామము వాకిలికంటె ముందునకుఁ బోవును. అరసున్న లేకుండ వ్రాసిన యదే పద మెంతో దిగువఁ దేలును. పాతముద్రణలను గ్రొత్తముద్రణలను గలిపి పదసూచిక కూర్చువాఁ డొక్క పదమును రెండుచోట్ల వెదకవలసివచ్చును. ఒకచోటఁ జూచి మఱియొకచోటు మఱచినచోఁ బ్రయోగము లేదను తప్పునిర్ణయము పుట్టును.

క్రమమున కంటె సమత్వ మింకను గడుసైనది. ఐత్వపుగుర్తును 3144 అను నొక్క సంఖ్యతో వ్రాయవచ్చును. ఎత్వపుగుర్తగు 3142ను, క్రిందిభాగమగు 3158ని వరుసగాఁ జేర్చియు వ్రాయవచ్చును. కంటికి రెండును శైలజయే. సంఖ్యలను మాత్రమే చూచు యంత్రమునకు వారిద్దఱు. ఆమె పేరు జాబితాలో నుండియు లేదని యంత్రము చెప్పిన, ఎదుటి యుద్యోగి యంత్రమునే నమ్మును. యూనికోడు నియమములలో నీ రెండురూపములును సమానము లని స్పష్టముగాఁ గలదు. పోల్చుటకు ముందు రెంటిని నొకేరూపమునకుఁ దెచ్చు ప్రక్రియకు నార్మలైజేషన్ అని పేరు. చేయనివాని దోషమే కాని లిపిదోషము గాదు.

8204 సంఖ్య గల యదృశ్యచిహ్న మింకొకటి. రాజ్‌కుమార్ అనునపుడు జకారకకారములు సంయుక్తములు గాకుండ నిది యడ్డుపడును. పదాంతమున నున్నచోఁ గంటికేమియుఁ దెలియదు. వ్యాకరణమున నిత్సంజ్ఞ గల వర్ణమువలెఁ గార్యము చేసి లోపించుటయే దీనికిఁ దగును. క్రమమును నిర్ణయించు యూనికోడ్ సూత్రములును దీనిని లెక్కింపవు. సంపద, సమ్పద అనునవి మాత్రము సమానముగా నెన్నఁబడవు. పరసవర్ణము యంత్రమునకుఁ దెలియదు, తెలుపువాఁడు కావలయును.

ఇతరభాషలలోను నిట్టివే. తలపై రెండుచుక్కలు గల ఎ అక్షరమును జర్మనులు నిఘంటువులలో వట్టి ఎ గాను, టెలిఫోను పట్టికలలో ఎ, ఇ ల జంటగాను నెంతురు. స్వీడనువారు జెడ్ తరువాత నుంతురు. స్పానిషున సి, హెచ్ ల జంట పూర్వము ప్రత్యేకవర్ణము. చికో అను పదము కురా అనుదానికిఁ దరువాత నుండెడిది. 1994లో నా భాషాపరిషత్తులు నియమము మార్పఁగా ముందునకు వచ్చెను.

కాఁబట్టి యూనికోడువారు పోలికను మెట్లుగా విభజించిరి. మొదటిమెట్టున మూలాక్షరములు, అవి సమానమైనచో రెండవమెట్టున నక్షరముపై గుర్తులు, అవియు సమానమైనచో మూఁడవమెట్టునఁ బెద్దబడి చిన్నబడి భేదము. దీనిపై నొక్కొక్కభాషకుఁ బ్రత్యేకసవరణలు సి.ఎల్.డి.ఆర్. అను సంచయమునఁ గలవు. తెలుఁగునకు ఔకారము పిమ్మట నరసున్న, నిండుసున్న, విసర్గ లను వేఱువర్ణములుగా నుంచిరి. నిండుసున్న కిది యుక్తమే. అరసున్న మాత్రము రెండవమెట్టునకుఁ దగినది. అప్పుడు వాడు, వాఁడు ప్రక్కప్రక్కన నుండును, భేదమును జెడదు. ఐ.సి.యు. అను లైబ్రరీలోఁ బ్రోగ్రామరు తన సూత్రముల నిట్లు చేర్చుకొనవచ్చును. మూలపాఠమును మాత్ర మున్నదున్నట్లు దాఁచి, సవరించిన రూపమును వెదకుటకును వరుసకును మాత్రమే వాడవలయును. లేనిచోఁ బ్రతిలోని యరసున్న లన్నియుఁ దొలఁగి పాఠమే మాఱిపోవును.