బేస్ గిటార్‌లో ఒక పికప్ పలకట్లేదా? కొత్తది కొనేముందు ఈ చెక్ చేయండి

ఇవాల్టి ఎపిసోడ్ ఒక మెసేజ్ వల్ల చేస్తున్నా. చదువుతా వినండి. "అన్నా, శంషాబాద్‌లో రేపు సంగీత్ ప్రోగ్రాం ఉంది. ఫ్లైట్‌లో దిగి, రూమ్‌కొచ్చి, బేస్ ప్లగ్ చేస్తే బ్రిడ్జ్ పికప్ అస్సలు పలకట్లేదు. నెక్ పికప్ బానే ఉంది. ఒక షాపతనికి ఫోన్ చేస్తే పికప్ పోయింది, మార్చాలి అన్నాడు. కొత్తది ఎంతవుతుంది?"

ఎంతవుతుందో తర్వాత చూద్దాం తమ్ముడూ. అసలు పోయిందా లేదా అన్నది ముందు. గిటార్ చూడకుండా, మీటర్ పెట్టకుండా, ఫోన్‌లోనే "పికప్ పోయింది" అని చెప్పేశారంటే నేనైతే నమ్మను. ఇలాంటి కేసుల్లో చాలాసార్లు పికప్ నిక్షేపంగా ఉంటుంది. పోయేది దాని పక్కనున్న అర్ధరూపాయి పని.

ఈ మెసేజ్ శంషాబాద్ నుంచి రావడం కూడా వింతేం కాదు. 2008 మార్చిలో ఎయిర్‌పోర్ట్ బేగంపేట నుంచి ఇక్కడికొచ్చింది. ఇప్పుడు ఆ చుట్టుపక్కల ఎటు చూసినా ఫంక్షన్ హాళ్లు, రిసార్టులు, ఫామ్‌హౌస్‌లే. పెళ్లివాళ్లు ఎయిర్‌పోర్ట్‌లో దిగి నేరుగా హాలుకే వెళ్తారు, బ్యాండ్‌వాళ్లూ అంతే. బేస్ గిటార్ దాదాపు 46 అంగుళాల పొడవు, పైన లగేజ్ బిన్‌లో పట్టదు. కాబట్టి మామూలుగా చెక్-ఇన్‌లోనే వెళ్తుంది, బెల్టుల మీద దొర్లుతుంది, ఊగుతుంది. లోపల ఏదైనా సోల్డరింగ్ ముందే బలహీనంగా ఉంటే అక్కడ ఊడిపోతుంది. రిపేర్ చేయిద్దామంటే విడిభాగాలు దొరికేది కోఠి గుజరాతీ గల్లీలో, మధ్యలో ఆరాంఘర్ ట్రాఫిక్, సౌండ్ చెక్ ఏమో సాయంత్రం. అందుకే రూమ్‌లో కూర్చునే ఎంతవరకు కనిపెట్టొచ్చో చెప్తా.

పికప్ అంటే ఏంటో ఒక్క నిమిషం. మన ఊళ్లల్లో బోరు మోటార్ కాలిపోతే "వైండింగ్ చేయించాలి" అంటాం కదా, పికప్ కూడా వైండింగే. అయస్కాంతం చుట్టూ రాగి తీగ చుట్టలు, వేల చుట్లు. తీగ మందం సుమారు 0.06 మిల్లీమీటర్లు, అంటే మన తలవెంట్రుక కంటే సన్నం అనుకోండి. పైన స్టీల్ తీగ ఊగితే అయస్కాంత క్షేత్రం కదులుతుంది, చుట్టలో చిన్న కరెంట్ పుడుతుంది. 1831లో ఫారడే కనిపెట్టిన సూత్రమే ఇది, మన కరెంట్ జనరేటర్ నడిచేదీ దీనితోనే.

ఇక్కడ తేడా గమనించండి. మోటార్ ఎందుకు కాలుతుంది? బయట నుంచి కరెంట్ ఎక్కువ లాగుతుంది కాబట్టి. మామూలు పికప్‌లోకి బయట నుంచి కరెంటే రాదు, అదే పుట్టిస్తుంది. కాబట్టి పికప్ "కాలిపోవడం" అనేది ఉండదు. అయస్కాంతం రాత్రికి రాత్రి చచ్చిపోవడమూ ఉండదు, బలం తగ్గినా సౌండ్ తగ్గుతుందే తప్ప సున్నా అవ్వదు. పూర్తిగా సైలెంట్ అయిందంటే రెండే కారణాలు: ఎక్కడో దారి తెగింది, లేదా ఎక్కడో దారి అడ్డంగా కలిసిపోయింది. మొదటిది ఓపెన్, రెండోది షార్ట్. ఈ రెండు మాటలు గుర్తుంచుకోండి, ఎపిసోడ్ అంతా వీటి మీదే.

ఇప్పుడు మెసేజ్‌లోని అసలు క్లూ. "నెక్ పికప్ బానే ఉంది" అన్నాడు. ఆ ఒక్క మాటతో సగం పని అయిపోయింది. నెక్ పలుకుతోందంటే కేబుల్ బాగుంది, యాంప్ బాగుంది, జాక్ బాగుంది, టోన్ నాబ్ బాగుంది. ఎందుకంటే రెండు పికప్‌లూ చివర్లో అదే దారిలో వెళ్లాలి. మిగిలింది మూడే: బ్రిడ్జ్ పికప్, దాని వైరు, దాని వాల్యూమ్ నాబ్ కింద ఉండే పాట్. అంతే. కేబుళ్లు మార్చుకుంటూ టైమ్ వేస్ట్ చేయొద్దు.

మెసేజ్‌తో వచ్చిన ఫోటోలో ఉన్నది జాజ్ బేస్ మోడల్. ఫెండర్ కంపెనీ 1960లో తెచ్చిన డిజైన్, ఇప్పుడు ప్రపంచంలో సగం కంపెనీలు అదే పద్ధతిలో చేస్తున్నాయి. రెండు పికప్‌లు, రెండు వాల్యూమ్‌లు, ఒక టోన్. మీ బేస్‌లో ఒకే వాల్యూమ్ ఉండి, పక్కన నడిమధ్యలో "టిక్" మని ఆగే నాబ్ ఉంటే అది బ్యాలెన్స్ నాబ్. అది ఒక చివరకి తిరిగి ఉంటే రెండో పికప్ సైలెంట్‌గానే ఉంటుంది! కేసులో పెట్టేటప్పుడు, తీసేటప్పుడు నాబ్‌లు తిరిగిపోతాయి. నవ్వకండి, ముందు అది చూసుకోండి.

నాబ్‌లు సరిగ్గానే ఉన్నాయా? అయితే బ్రిడ్జ్ వాల్యూమ్‌ని ఒక పదిసార్లు ఈ చివర నుంచి ఆ చివరకి గట్టిగా తిప్పండి. గరగరమని మధ్యమధ్యలో సౌండ్ వచ్చి పోతుంటే పాట్ లోపల దుమ్ము పట్టిందన్నమాట. కాంటాక్ట్ క్లీనర్ స్ప్రే పాట్ సందులోకి కొట్టి తిప్పితే చాలావరకు తీరిపోతుంది. డబ్ల్యూడీ-40 కాదు, కాంటాక్ట్ క్లీనర్. తేడా ఉంది.

తర్వాత టోక్ టెస్ట్. యాంప్ సౌండ్ బాగా తగ్గించండి. బ్రిడ్జ్ వాల్యూమ్ ఫుల్, నెక్ సున్నా. చిన్న స్టీల్ స్క్రూడ్రైవర్‌తో పికప్ మీద ఉండే ఇనుప చుక్కలను మెల్లగా తాకండి. "టోక్" అని స్పీకర్‌లో వినపడితే చుట్ట బతికే ఉంది. ఏమీ వినపడకపోతే దారి తెగి ఉండాలి, లేదా షార్ట్ అయి ఉండాలి. ఇక్కడ పికప్ చచ్చిందని డిసైడ్ అయిపోకండి, దారిలో తప్పు ఎక్కడుందో ఇంకా తెలీదు.

ఇప్పుడు ఇంకో టెస్ట్, దీనికి ఏ పరికరమూ అక్కర్లేదు, పైగా ఇది చాలామంది చెప్పరు. నెక్ వాల్యూమ్ ఫుల్ పెట్టి వాయిస్తూ, బ్రిడ్జ్ వాల్యూమ్‌ని మెల్లగా సున్నా నుంచి ఫుల్‌కి తీసుకెళ్లండి. రెండు రకాలుగా అవ్వచ్చు. నెక్ సౌండ్ అలాగే ఉంటే బ్రిడ్జ్ దారి ఓపెన్, ఎక్కడో తెగింది. అలా కాకుండా బ్రిడ్జ్ నాబ్ ఫుల్‌కి వచ్చేసరికి నెక్ సౌండ్ కూడా చచ్చిపోతే, అది షార్ట్. అంటే బ్రిడ్జ్ పికప్ సిగ్నల్ వైరు ఎక్కడో గ్రౌండ్‌కి తగులుతోంది, వెళ్తూవెళ్తూ నెక్‌ని కూడా ముంచుతోంది. షార్ట్ అయితే సంతోషించండి. చాలాసార్లు వైరు చివర ఒక పోగు పక్కకి వంగి పాట్ డబ్బాకో, లోపల అతికించిన రాగి రేకుకో తగులుతూ ఉంటుంది. వేలితో సరిచేసి చిన్న టేపు ముక్క వేస్తే పని అయిపోతుంది.

ఓపెన్ అయితే మల్టీమీటర్ కావాలి. కొన్ని వందల్లో దొరుకుతుంది, హాల్లో లైటింగ్ అబ్బాయిని అడిగినా ఇస్తాడు. [మీటర్ చూపిస్తూ] 200 కే రేంజ్‌లో పెట్టండి. గిటార్ తెరవక్కర్లేదు ఇంకా. కేబుల్ ఒక చివర గిటార్‌లో పెట్టి, రెండో చివర యాంప్ నుంచి తీసేసి, ఆ పిన్ కొసకి ఒక ప్రోబ్, వెనక గొట్టానికి ఇంకో ప్రోబ్. నెక్ ఫుల్, బ్రిడ్జ్ సున్నా పెడితే సుమారు 7 కిలో ఓమ్‌లు రావాలి. జాజ్ బేస్ పికప్‌లు ఎక్కువగా 7, 8 కిలో ఓమ్‌ల దగ్గర ఉంటాయి. ఇప్పుడు తిప్పేయండి: బ్రిడ్జ్ ఫుల్, నెక్ సున్నా. మళ్లీ 7 దగ్గర వస్తే పికప్ పలకాలి, లేదంటే మీరు ముందు టెస్ట్ సరిగ్గా చేయలేదు. సుమారు 125 కిలో ఓమ్‌లు చూపిస్తే చుట్ట సర్క్యూట్‌లో లేనట్టే. ఆ 125 ఎక్కడిదంటారా? రెండు వాల్యూమ్ పాట్‌లు చెరో 250 కిలో ఓమ్‌లు, పక్కపక్కన కలిస్తే సగం. పాట్‌లలో తేడాలుంటాయి, 105 వచ్చినా 145 వచ్చినా అర్థం అదే. సున్నా దగ్గర వస్తే పైన చెప్పిన షార్ట్.

125 వచ్చిందనుకుందాం. ఇక తెరవాల్సిందే. నాబ్‌లున్న స్టీల్ ప్లేట్ స్క్రూలు విప్పి ప్లేట్‌ని మెల్లగా పైకెత్తండి, లాగొద్దు, వైర్లు పొట్టిగా ఉంటాయి. ముందు ఫోన్‌తో ఫోటో తీసుకోండి. ఏ వైరు ఎక్కడిదో తర్వాత అదే చెప్తుంది.

బ్రిడ్జ్ పికప్ నుంచి రెండు వైర్లు వస్తాయి. ఒకటి పాట్ కాళ్లల్లో ఒకదానికి, ఇంకోటి గ్రౌండ్‌కి, మామూలుగా పాట్ డబ్బా వెనక్కి. మీటర్ అవసరం లేకుండానే ఇక్కడ జవాబు దొరికే ఛాన్స్ ఎక్కువ: వైరు ఊడి వేలాడుతూ ఉంటుంది. లేదా అతికే ఉన్నట్టు కనిపించి, వేలితో కదిపితే ఊగుతుంది. మన మెకానిక్‌లు డ్రై సోల్డర్ అంటారు కదా, అదే. మంచి అతుకు నున్నగా మెరుస్తుంది, ఇది బూడిద రంగులో గరుగ్గా ఉంటుంది. గ్రౌండ్ వైరు ఊడినా పికప్ సైలెంటే. చాలామంది సిగ్నల్ వైరు ఒక్కటే చూసి వదిలేస్తారు.

రెండూ గట్టిగానే ఉంటే, నాబ్‌లు అలాగే ఉంచి, పికప్ వైరు అతికిన ఆ కాలికీ, పాట్ డబ్బాకీ ప్రోబ్‌లు పెట్టండి. 7 వచ్చిందా? పికప్ బతికుంది, తప్పు పాట్‌ది. కొత్త 250కే పాట్ వేస్తే సరి. రాలేదా? ఇప్పుడు పికప్‌ని స్క్రూలు విప్పి బయటకి తీసి వెనక్కి తిప్పండి. వైర్లు అతికిన రెండు చిన్న కళ్లలాంటి రంధ్రాలు ఉంటాయి. అక్కడే కొలవండి. అక్కడ 7 వస్తే పికప్‌కీ పాట్‌కీ మధ్య వైరు లోపల తెగింది, వైరు మార్చండి. అక్కడ కూడా ఏమీ రాకపోతే, అప్పుడు, ఇంత దూరం వచ్చాక మాత్రమే, పికప్ పోయింది అనొచ్చు.

అప్పుడు కూడా ఒక ఆశ ఉంది. చుట్ట నుంచి వచ్చే వెంట్రుక లాంటి తీగ చాలాసార్లు ఆ కన్ను దగ్గరే తెగుతుంది. లైటు పెట్టి, ఫోన్ కెమెరా జూమ్ చేసి చూడండి. కొస కనిపిస్తే చెయ్యి తిరిగినవాళ్లు మళ్లీ అతికిస్తారు. మీరు మొదటిసారి సోల్డరింగ్ పడుతున్నట్టయితే ఇక్కడ ప్రయోగం చేయకండి. చుట్ట మధ్యలో తెగితే రీవైండింగే. దాన్ని మాత్రం బోరు మోటార్ వైండింగ్ షాపుకి తీసుకెళ్లకండి. ఆయన మంచి పనివాడే కానీ ఆయన తీగ, మిషను వేరే లెక్క.

సోల్డరింగ్ గురించి రెండు ముక్కలు. వైరు అతికించడానికి 25 వాట్ల ఐరన్ చాలు. పాట్ డబ్బా వెనక మాత్రం వేడి త్వరగా ఎక్కదు. డబ్బా మీద మెరుపు పోయేలా కాస్త గీకి, అప్పుడు వేడి చేయండి. పాట్ మీద ఐరన్ నిమిషాలకొద్దీ పెట్టి కూర్చుంటే లోపల ట్రాక్ పాడవుతుంది, ఒక సమస్య రెండవుతుంది.

మీ బేస్ వేరే రకమైతే? ప్రెసిషన్ బేస్‌లో 1957 నుంచి పికప్ రెండు ముక్కలుగా ఉంటుంది, కానీ రెండూ వరసగా కలిసి ఒకే పికప్‌గా పనిచేస్తాయి. అక్కడ ఒక ముక్కలో తీగ తెగితే మొత్తం సైలెంట్. రెండు తీగలు మాత్రమే పలక్కపోతే ఆ ముక్క షార్ట్ అయిందేమో చూడాలి. బ్యాటరీ ఉండే యాక్టివ్ బేస్ అయితే, మొత్తం సైలెంట్ అయినప్పుడు ముందు 9 వోల్టుల బ్యాటరీ మార్చండి. కేబుల్ గుచ్చి వదిలేస్తే బ్యాటరీ అయిపోతూనే ఉంటుంది. ఒక్క పికప్ మాత్రమే సైలెంట్ అయితే బ్యాటరీ మీద అనుమానం పెట్టుకోకండి. ఇంకోటి, యాక్టివ్ వాటిల్లో కేబుల్ చివర ఓమ్‌లు కొలిచే ఈ పద్ధతి పనిచేయదు, ఆ నంబర్లకి అర్థం ఉండదు.

సరే, ఎంతవుతుంది అన్నాడు కదా. వైరు అతుకు అయితే దాదాపు ఏమీ కాదు, పాట్ అయితే ఒక బిర్యానీ డబ్బు. నిజంగా పికప్పే మార్చాల్సి వస్తే మోడల్‌ని బట్టి వేలల్లో. షాపులో మార్పిస్తే పాత పికప్ వెనక్కి అడిగి తీసుకోండి, ఇంటికొచ్చి మీటర్ పెట్టండి. 7 చూపించిందంటే ఆ షాపుకి మళ్లీ వెళ్లాలా వద్దా మీకే తెలుస్తుంది. ఐరన్, స్క్రూడ్రైవర్, కట్టర్ వెంట తెచ్చుకునేవాళ్లు చెక్-ఇన్‌లో పెట్టుకోండి, చేతి బ్యాగ్‌లో పెడితే సెక్యూరిటీ దగ్గర వదిలేసి రావాల్సి రావచ్చు.

ఇక సాయంత్రం లోపు బాగవ్వలేదు అనుకోండి. కంగారు పడకండి, నెక్ పికప్ ఒక్కటే పెట్టుకుని ప్రోగ్రాం మొత్తం వాయించొచ్చు. బ్రిడ్జ్ వాల్యూమ్ సున్నాకి తిప్పేయండి. సౌండ్ కాస్త గుండ్రంగా, మెత్తగా ఉంటుంది, టోన్ నాబ్ ఫుల్ తెరిస్తే సరిపోతుంది. ఒకటే ఇబ్బంది, హమ్. జాజ్ బేస్‌లో రెండు పికప్‌లు ఒకదానికొకటి ఎదురుగా చుట్టి ఉంటాయి, రెండూ ఫుల్ పెట్టినప్పుడు హమ్ ఒకదాన్నొకటి కొట్టేసుకుంటుంది. ఒక్కటే వాడితే ఆ రక్షణ ఉండదు, ఎల్‌ఈడీ వాల్ పక్కన, డిమ్మర్ లైట్ల దగ్గర "బుయ్" మంటుంది. స్టేజి మీద మీ చోట నిలబడి మెల్లగా అటూ ఇటూ తిరిగి చూడండి, ఒక దిక్కులో హమ్ తగ్గుతుంది. అటే తిరిగి వాయించండి. ఒకసారి ఢోల్ మొదలయ్యాక మిగిలిన హమ్ ఎవరికీ వినపడదులే.