వైద్య వ్యర్థాల వేర్పాటుతోనే పర్యావరణ రక్షణ

మదనపల్లె సమీపంలోని ఆరోగ్యవరంలో 1915లో క్షయ రోగుల కోసం శానిటోరియం వెలసింది. క్షయకు మందులు లేని ఆ రోజులలో స్వచ్ఛమైన గాలి, విశ్రాంతి, పుష్టికరమైన ఆహారమే చికిత్స. రోగి కోలుకొనుటకు పరిసరాల శుభ్రత ఎంత అవసరమో ఈ ప్రాంతానికి వందేళ్లకు పైగా తెలుసు. అయితే వైద్య సేవలు విస్తరించిన కొద్దీ, ఆసుపత్రుల వ్యర్థాల వల్ల ఆ పరిసరాలకే హాని కలిగే ప్రమాదం ఏర్పడింది.

పల్లెకు పొంచి ఉన్న ముప్పు

బాహుదా జలాశయం, చెరువులు, టమోటా తోటలు, పాడి పశువులే జీవనాధారమైన నిమ్మనపల్లె వంటి మండలాలలో ఈ అంశానికి ఎంతో ప్రాధాన్యం ఉంది. చెత్తకుప్పలో పడిన సూది గుచ్చుకుంటే పారిశుద్ధ్య కార్మికులకు హెపటైటిస్-బి, హెపటైటిస్-సి, హెచ్.ఐ.వి. సోకే ప్రమాదముంది. సెలైన్ గొట్టాల వంటి పి.వి.సి. ప్లాస్టిక్‌ను ఆరుబయట తగులబెడితే డయాక్సిన్లు వెలువడతాయి. అవి మేతపై పేరుకొని, పశువుల ద్వారా పాలలోకి చేరతాయి. యాంటీబయోటిక్ మందులు నీటిలో కలిస్తే మందులకు లొంగని సూక్ష్మజీవులు పెరుగుతాయి.

కలిపితే అంతా విషమే

ప్రపంచ ఆరోగ్య సంస్థ లెక్క ప్రకారం వైద్య సేవల వల్ల వచ్చే చెత్తలో సుమారు 85 శాతం ఇళ్లలో వచ్చే చెత్త వంటిదే. ప్రమాదకరమైనది 15 శాతం మాత్రమే. ఈ రెంటినీ ఒకే బుట్టలో వేస్తే మొత్తం చెత్తను ప్రమాదకరమైనదిగానే పరిగణించవలసి వస్తుంది. కనుక రోగి పడక వద్దనే చెత్తను వేరుచేయడం కీలకం.

జీవవైద్య వ్యర్థాల నిర్వహణ నియమాలు-2016 ఇందుకు నాలుగు రంగులను నిర్దేశించాయి. రక్తంతో తడిసిన దూది, కట్లు, గడువు తీరిన మందులు పసుపు సంచిలో వేయాలి. సూది తీసిన సిరంజిలు, సెలైన్ గొట్టాలు, చేతి తొడుగులు ఎరుపు సంచిలో చేరాలి. వీటిని ఆవిరితో శుద్ధిచేసి, ముక్కలుచేసి, తిరిగి వినియోగానికి పంపుతారు. సూదులు, బ్లేడ్లు గుచ్చినా చిల్లుపడని తెల్లని డబ్బాలో, గాజు సీసాలు నీలం గుర్తు గల పెట్టెలో ఉంచాలి. రక్తసిక్తమైన వ్యర్థాలను శుద్ధి చేయకుండా 48 గంటలకు మించి నిల్వ ఉంచరాదు.

75 కిలోమీటర్ల లోపు ఉమ్మడి శుద్ధి కేంద్రం ఉన్నచో ఆసుపత్రి సొంతంగా శుద్ధి ఏర్పాటు చేసుకోరాదు. అట్టి కేంద్రం అందుబాటులో లేని మారుమూల గ్రామాలలో మాత్రమే ముందస్తు అనుమతితో లోతుగా పూడ్చివేయవచ్చును. గొయ్యి సుమారు రెండు మీటర్ల లోతు ఉండాలి. దగ్గరలో తక్కువ లోతు బావులు ఉండరాదు. వరద నీరు చేరరాదు. పశువులు దరిచేరకుండా కంచె వేయాలి. టీకా శిబిరాలు, రక్తదాన శిబిరాలు, పశువైద్యశాలలకు కూడా ఈ నియమాలు వర్తిస్తాయి.

ప్రజల భాగస్వామ్యం

చెత్తను పుట్టకుండా ఆపడం అన్నిటికన్నా మేలు. మాత్రతో తగ్గే జ్వరానికి సూది వేయమని వైద్యుని పట్టుబట్టరాదు. ఇంటివద్ద ఇన్సులిన్ తీసుకునేవారు సూదులను మూత గల గట్టి డబ్బాలో దాచి, ఎక్కడ అప్పగించాలో ఆరోగ్య కార్యకర్తను అడిగి తెలుసుకోవాలి. మిగిలిన మందులను కాలువలలో పారవేయరాదు. వైద్య సిబ్బంది, పంచాయతీలు, ప్రజలు ఎవరి బాధ్యతను వారు నిర్వర్తించిననాడే రోగం నయంచేసే చోటు నుండి మరో రోగం ఊరిలోకి రాకుండా ఉంటుంది.