స్నేహమే చర్మానికి రక్ష



సంస్కృతంలో ‘స్నేహ’ శబ్దానికి ప్రీతి అని, నూనె అని రెండర్థాలు ఉన్నాయి. జీవితమంతా ఈ శబ్దాన్ని విద్యార్థులకు బోధించిన నాకు, రెండవ అర్థపు విలువ గత మాఘమాసంలో గాని తెలిసిరాలేదు.

చలికాలమని రెండు పూటలా వేడివేడి నీళ్ళతో, సబ్బు బాగా రుద్దుకొని స్నానం చేసేవాణ్ణి. పిక్కల మీది చర్మం పొలుసులుగా లేచింది. దురదకు తాళలేక గోకగా నెత్తురు కనిపించింది. ఇన్ని నీళ్ళు పోసుకొంటున్నా ఒళ్ళు ఎండిపోవడమేమిటని వైద్యుణ్ణి అడిగాను. “నీళ్ళకు లోటు లేదు శాస్త్రిగారూ, జిడ్డుకే లోటు” అన్నారాయన.

చర్మపు పైపొర గోడ వంటిది. అందలి కణాలు ఇటుకలు. వాటి నడుమ సున్నం వలె నిలిచేవి శరీరం స్వయంగా తయారుచేసుకొనే కొవ్వు పదార్థాలు: సెరమైడ్లు, కొలెస్టరాల్, కొవ్వు ఆమ్లాలు. ఇవి పొరలు పొరలుగా అమరి లోపలి తడి ఆవిరైపోకుండా అడ్డుకొంటాయి. రక్తంలో పెరిగితే మనం భయపడే కొలెస్టరాలే ఇక్కడ రక్షకుడు! మిక్కిలి వేడినీరు, ఘాటైన సబ్బు మురికితోపాటు ఈ సున్నాన్నీ కొంత తొలగిస్తాయి. వార్ధక్యంలో ఆ లోటు త్వరగా పూడదు.

నూనె చర్మానికి నీటిని ఇవ్వదు. ఉన్న నీటిని పోనివ్వదు. నువ్వుల నూనెలో సమృద్ధిగా ఉండే లినోలెయిక్ ఆమ్లం కొన్ని సెరమైడ్ల నిర్మాణంలో భాగం కూడా. చరక సంహిత సూత్రస్థానం 5వ అధ్యాయంలో అభ్యంగానికి కుండ, తోలు, బండి ఇరుసు ఉపమానాలుగా చెప్పబడ్డాయి. నూనె పట్టిన తోలు మెత్తబడి దృఢంగా ఉండడం మనమెరిగినదే.

కావున గోరువెచ్చని నీటితో త్వరగా స్నానం ముగించండి. సబ్బు అవసరమైన చోటనే వాడండి. తడి పూర్తిగా ఆరకముందే పలుచగా నూనె రాయండి. పాదచారులై వచ్చే యాత్రికులు రాత్రి పడుకొనే ముందు మడమలకు రాసుకోవాలి. మెట్లెక్కబోయే ముందు మాత్రం అరికాళ్ళకు వద్దు, జారే ప్రమాదముంది. నెత్తురు కారే పగుళ్ళున్నవారు, ముఖ్యంగా మధుమేహులు, ఆలస్యం చేయక వైద్యునికి చూపించుకోవాలి.

నా పిక్కలు ఇప్పుడు నెమ్మదించాయి. చేయి అందని వీపున మా ఇంటావిడ నూనె రాస్తుంది. స్నేహ శబ్దపు రెండర్థాలూ అక్కడ ఒక్కటే అవుతాయి.

స్వస్తి.