కడ్డీ చివర డబ్బీ

"అన్నా, అన్ని ఛానళ్లూ పోయినాయా, కొన్నే పోయినాయా?"

రాయచూరు జిల్లా కల్లూరులో గానీ, మాన్వి, సింధనూరుల వైపు తుంగభద్ర కాలువ కింద తెలుగు రైతులు స్థిరపడిన క్యాంపుల్లో గానీ, పని తెలిసిన డిష్ మెకానిక్ మిద్దె ఎక్కకముందే అడగాల్సిన ప్రశ్న ఇది. జవాబుతో సగం రోగం కిందనే తేలిపోతుంది. అడగకుండా నిచ్చెనెక్కి, డిష్ ముందుకు చాచిన కడ్డీ చివర ఉన్న డబ్బీని మార్చి డబ్బులడిగేవాళ్లూ ఉన్నారు. ఆ డబ్బీయే ఎల్‌ఎన్‌బీ. అలా మారిపోతున్నవాటిలో నిజంగా చెడినవి ఎన్నోనని నాకు అనుమానం.

డిష్ అనేది వట్టి అద్దం. 35,786 కిలోమీటర్ల ఎత్తు నుంచి వచ్చిన తరంగాన్ని ఒక బిందువు మీదికి మళ్లించడమే దాని పని. తెలివంతా డబ్బీలో ఉంది. 11, 12 గిగాహెర్ట్జ్‌ల తరంగాన్ని కేబుల్లోకి వదిలితే కొద్ది మీటర్లకే ఆవిరైపోతుంది. అందుకే డబ్బీ దాన్ని అక్కడికక్కడే పెంచి, 950 నుంచి 2150 మెగాహెర్ట్జ్‌ల మధ్యకు దించి కిందికి పంపుతుంది. చిక్కేమిటంటే, ఇంత సున్నితమైన సరుకు ఎండలో, వానలో, కోతుల మధ్య బతకాలి.

దీని పూర్వీకుణ్ని రాయచూరు జిల్లా చాలామంది కంటే ముందే చూసింది. 1975 ఆగస్టు 1న మొదలైన సైట్ ప్రయోగంలో నాసా వారి ఏటీఎస్-6 ఉపగ్రహం ఆరు రాష్ట్రాల్లో దాదాపు 2400 పల్లెలకు ఏడాదిపాటు టీవీ చూపించింది. కర్ణాటకలో రాయచూరు, గుల్బర్గా, బిజాపూర్ జిల్లాలు, అప్పటి ఆంధ్రప్రదేశ్‌లో కర్నూలు, మహబూబ్‌నగర్ వంటివి అందులో ఉన్నాయి. రిసీవర్లు హైదరాబాదులోని ఈసీఐఎల్ తయారుచేసింది. తెలుగు కార్యక్రమాలే కాదు, కన్నడ కార్యక్రమాలు కూడా హైదరాబాదు కేంద్రంలోనే తయారయ్యేవి. ఒకే బొమ్మ వెంట రెండు శబ్దమార్గాలు నడిచే ఏర్పాటు కూడా ఆ ఉపగ్రహంలో ఉంది.

అప్పటి డిష్ మూడు మీటర్ల వెడల్పు, కోళ్లగూటికి వాడే జాలీతో కట్టింది. రంధ్రాలున్నా ఏమీ కాలేదు. ఆ ప్రసారం 860 మెగాహెర్ట్జ్‌ల మీద, అంటే తరంగం పొడవు సుమారు 35 సెంటీమీటర్లు. ఇప్పటి తరంగం రెండున్నర సెంటీమీటర్లే కాబట్టి ఆ జాలీలోంచి చాలావరకు కారిపోతుంది, రేకు కావాల్సిందే. ఆ ఏడాది ఇంకో వింత జరిగింది. మన పల్లెల కోసం పంపిన ఆ ప్రసారాన్ని ఇంగ్లండులోని షెఫీల్డ్‌లో స్టీఫెన్ బర్కిల్ అనే ఇంజనీరు సొంతంగా కట్టుకున్న డిష్‌తో ఇంట్లోనే పట్టాడు. అమెరికాలో స్టాన్‌ఫర్డ్ ఆచార్యుడు టేలర్ హోవార్డ్ 1976లో అలాగే హెచ్‌బీఓ ఛానల్‌ను పట్టి, చూసినందుకు నూరు డాలర్ల చెక్కు పంపితే కంపెనీ వెనక్కి పంపింది. ఇంట్లో డిష్ అనే ఆలోచనకు ఊపిరి పోసింది ఇలాంటివాళ్లే.

డిష్ మూడు మీటర్ల నుంచి అరవై సెంటీమీటర్లకు కుంచించుకుపోవడానికి ఉపగ్రహాల బలం పెరగడం ఒక కారణం, జపాన్‌లో పుట్టిన ట్రాన్సిస్టర్ మరొకటి. సంకేతాన్ని మొదట పెంచే మెట్టు తన సొంత రొదను కూడా కలుపుతుంది, ఆ తర్వాత ఎన్ని మెట్లున్నా ఆ నష్టం పూడదు. 1980లో ఫుజిట్సులో టకాషి మిమురా బృందం తెచ్చిన హెచ్‌ఈఎంటీ అనే ఆ ట్రాన్సిస్టర్‌లో ఆ రొద బాగా తక్కువ. దాన్ని ముందు నొబెయామా రేడియో టెలిస్కోపులో నక్షత్రాల మధ్య అణువులను వెతకడానికి వాడి, తర్వాత ఉపగ్రహ టీవీకి తెచ్చారు. మన మిద్దెల మీదికి ఈ చిన్న డిష్ 2003లో డిష్ టీవీతో, 2004 డిసెంబరులో దూరదర్శన్ ఉచిత సేవతో వచ్చింది.

ఇక మొదటి ప్రశ్నకు వద్దాం. కొన్ని ఛానళ్లే పోయాయంటే అనుమానం ముందు కరెంటు మీదికి పోవాలి. సెటాప్ బాక్సు ఒకే కేబుల్లో డబ్బీకి కరెంటు, ఆజ్ఞ రెండూ పంపుతుంది. 13 వోల్టులైతే నిలువు తరంగాలు పట్టమని, 18 అయితే అడ్డం తరంగాలు పట్టమని. కనెక్టరు దగ్గర రాగి పచ్చబడి 18 వోల్టులు పదిహేను లోపుకు పడిపోతే డబ్బీ అడ్డం ఆజ్ఞను నిలువుగా వింటుంది, దాంతో సగం ఛానళ్లు మాయం. మల్టీమీటరు పెట్టి చూస్తే క్షణంలో తెలిసే ఈ జబ్బుకు కొత్త ఎల్‌ఎన్‌బీ పెట్టడం దండగ.

అన్నీ పోతే కారణాలు వేరు. కేబుల్ పైనుంచి నేరుగా కనెక్టరులోకి దిగితే వాననీరు దాని వెంటే లోపలికి నడుస్తుంది. చేరేముందు ఒక ఒంపు కిందికి వేలాడదీస్తే నీరు అక్కడే కారిపోతుంది. పైసా ఖర్చులేని ఈ ఒంపును వేయని మిద్దెలు లెక్కలేనన్ని. డబ్బీ మూతి మీది ప్లాస్టిక్ మూత ఎండకు పగిలితే లోపల కందిరీగలు మట్టిగూడు కడతాయి. పాత రకం డబ్బీల్లో తరంగాన్ని దించే ఆసిలేటరు పింగాణీ బిళ్ల మీద నడుస్తుంది. వేసవి మధ్యాహ్నం వేడికి అది జారితే బొమ్మ పోయి, సాయంత్రం మళ్లీ వస్తుంది. మెకానిక్ వచ్చేసరికి బాగుండే జబ్బు ఇదే.

గురి తప్పడం ఇంకో సంగతి. దూరదర్శన్ ఉచిత డిష్ ఛానళ్లు పంపే జీశాట్-15 మనకు ఆగ్నేయంగా, నేల నుంచి సుమారు 63 డిగ్రీల ఎత్తున ఉంటుంది. చూపుకు డిష్ అంత పైకి తిరిగినట్టు కనిపించదు. కడ్డీ నీడ పడకుండా పక్కవాటుగా మలిచిన ఆకారం అది. అరవై సెంటీమీటర్ల డిష్ అంచు ఒక సెంటీమీటరు కదిలితే చూపు దాదాపు రెండు డిగ్రీలు తప్పుతుంది, అది చాలు. డిజిటల్ కావడంతో పాత టీవీలా ముందు మంచు కురిసి హెచ్చరించదు. చదరాలు చదరాలుగా విరిగి ఒక్కసారిగా ఆగుతుంది. భారీ వానలోనూ ఇంతే. అప్పుడు మిద్దె ఎక్కకూడదు, మబ్బు దాటేదాకా కూర్చోవాలి. మార్చి రెండో వారంలో, సెప్టెంబరు ఆఖర్లో కొద్ది రోజులపాటు రోజుకు కొన్ని నిమిషాలు సూర్యుడు సరిగ్గా ఉపగ్రహం వెనక్కి వచ్చి తన రొదతో డబ్బీని ముంచేస్తాడు. దానికీ మందు ఓపికే.

ఇవేవీ కానప్పుడు జబ్బు ఆకాశంలో ఉండవచ్చు. 2010 జులై 7న ఇన్‌శాట్-4బీ ఉపగ్రహంలో కరెంటు సరఫరా దెబ్బతిని సగం ట్రాన్స్‌పాండర్లు ఆపేయాల్సి వచ్చింది. సన్ డైరెక్ట్ ప్రసారాలు మీశాట్-3కి మారాయి. తూర్పు రేఖాంశం 93.5 డిగ్రీల నుంచి 91.5కి, రెండే డిగ్రీలు. కానీ అన్ని మిద్దెల మీదా డిష్‌లు ఆ రెండు డిగ్రీలూ తిరగాలి, తిప్పడానికి మనిషి రావాలి. చెడని డబ్బీ ఆ రోజుల్లో ఎన్ని ఇళ్లలో మారిందో!