అమ్మ ఒడే తొలి సండేస్కూలు

కేజీఎఫ్: బడిలో కన్నడం.. వీధిలో తమిళం.. ఇంట్లో ప్రార్థన మాత్రం తెలుగులో! కోలారు బంగారు గనుల ప్రాంతంలో తరాలుగా స్థిరపడ్డ తెలుగు క్రైస్తవ కుటుంబాల్లో కనిపించే తీరిది. ఆదివారం సంఘంలో పాస్టరు గారు చెప్పేది గంటసేపు. మిగతా వారమంతా పిల్లలకు బోధకురాలు అమ్మే.

షిఫ్టు నాయనది.. ప్రార్థన అమ్మది

1880లో జాన్ టేలర్ కంపెనీ ఇక్కడ తవ్వకాలు చేపట్టాక చిత్తూరు తదితర ప్రాంతాల నుంచి తెలుగువారు పనికి వచ్చారు. మైనర్ల లైన్లలో ఇరుకు గదుల్లోనే కాపురాలు పెట్టారు. ఛాంపియన్ రీఫ్ గని లోతు మూడు కిలోమీటర్లు దాటింది. లోపల బండలు ఒక్కసారిగా పగిలే ప్రమాదం ఎప్పుడూ ఉండేది. నాయన గనిలోకి దిగాడంటే పైకొచ్చేదాకా ఇంట్లో దిగులే. అమ్మ పిల్లల్ని చుట్టూ కూర్చోబెట్టుకుని ఆయన క్షేమం కోసం ప్రార్థించేది. ఆ ఇళ్లలో పిల్లలకు ప్రార్థన అలా అలవాటైంది.. పుస్తకం చూసి కాదు, అమ్మ ముఖం చూసి.

2001 ఫిబ్రవరి 28న గనులు మూతపడ్డాయి. బతుకుతెరువు కోసం వేలమంది రోజూ రైలెక్కి బెంగళూరు వెళ్లి రావాల్సి వచ్చింది. తెల్లారకముందే బయల్దేరి, పొద్దుపోయాక ఇల్లు చేరే నాయనకు పిల్లలతో కూర్చునే తీరికేదీ? షిఫ్టు పోయి రైలొచ్చింది గానీ, సాయంత్రం ప్రార్థన బాధ్యత అమ్మ మీదే ఉండిపోయింది.

ఒత్తు చూసి చదువు నాయనా!

తెలుగు బైబిలు గ్రాంథిక భాషలో ఉంటుంది. కన్నడ మీడియం పిల్లలకు అది కొరుకుడు పడదు. ‘తొందరెందుకు నాయనా, ఒత్తు చూసి చదువు’ అంటూ అమ్మ వేలు పట్టి చదివిస్తుంది. అర్థం ఇంటి మాటల్లో చెబుతుంది. అయితే కనికరమంటే ఏమిటో వాక్యం కంటే బాగా తెలిపేది ఆమె పనే. పక్కింట్లో జ్వరంతో పడుకున్నవారికి గంజి పట్టుకెళ్లడం, వండే ముందు పిడికెడు బియ్యం పక్కకు తీసి సంఘానికి ఇవ్వడం.. పిల్లలు గమనించేవి ఇవే. కసిరి మోకరింపజేసిన అలవాటు పెద్దయ్యాక నిలవదు. చూసి నేర్చుకున్నది అంత తేలిగ్గా పోదు.

తిమోతి ఇల్లూ ఇలాంటిదే

బైబిల్లోని తిమోతిదీ రెండు సంస్కృతుల ఇల్లే. తండ్రి గ్రీసు దేశస్థుడు, తల్లి యూదురాలు. అవ్వ లోయి, తల్లి యునీకేల విశ్వాసాన్ని పౌలు తన లేఖలో పేరుపెట్టి మరీ గుర్తుచేశాడు. తిమోతికి పసితనం నుంచే లేఖనాలు తెలుసనీ రాశాడు. ఇంటి పెద్ద వేరే నేపథ్యంవాడైనా, ఆ ఇంట విశ్వాసాన్ని నిలిపింది ఇద్దరు స్త్రీలు. సరిహద్దు ఇళ్లలోని తల్లులకు ఈ కథ కొత్తేమీ కాదు.

తెలుగు సంఘాలు నేటికీ పాడుకునే ఎన్నో కీర్తనలు రాసిన పురుషోత్తమ చౌదరి (1803-1890) పుట్టింది పర్లాకిమిడి ప్రాంతంలోని బెంగాలీ మూలాలున్న కుటుంబంలో. ఇంటి భాష ఏదైనా, మనసుకు పట్టిన భాషలో దేవుణ్ణి పాడుకోవచ్చనడానికి ఆయనే సాక్ష్యం.

రేపు ఎవరు చదవాలి?

ఇప్పటి పిల్లలు తెలుగు మాట్లాడతారు.. చదవడం రాదు. అమ్మ బైబిలు బీరువాలో చేరితే ఆ పేజీలు తిప్పేదెవరన్నది ఆ తల్లుల బెంగ. కన్నడ, తెలుగు లిపులు అక్కచెల్లెళ్లు. కన్నడం చదివే పిల్లలకు రోజుకో పావుగంట కేటాయిస్తే తెలుగు అక్షరాలు పట్టుబడడం కష్టమేమీ కాదు. పెద్దయ్యాక కన్నడ ఆరాధనకో, ఇంగ్లిష్ ఆరాధనకో వెళ్లే పిల్లల్ని తప్పు పట్టాల్సిన పనీ లేదు. ఏ భాషలో మోకరించినా, ఆపద వేళ దేవుణ్ణి తలుచుకోవడం వాళ్లకు అబ్బింది అమ్మ దగ్గరే!