బిడ్డ నొప్పికి వైద్యం ఎప్పుడు మొదలుకావాలి?

క్యాన్సర్ వచ్చిన పిల్లల విషయంలో ఉపశమన వైద్యం, అంటే పాలియేటివ్ కేర్, మందులేవీ పనిచేయని ఆఖరి రోజుల్లో మాత్రమే అవసరమయ్యేదన్న అభిప్రాయం జనంలోనే కాక కొందరు వైద్యుల్లోనూ పాతుకుపోయి ఉన్నది. ప్రపంచ ఆరోగ్య సంస్థ 1998లో ఇచ్చిన నిర్వచనం ప్రకారం అది వ్యాధి నిర్ధారణ అయిన నాడే మొదలై, కీమోథెరపీ వంటి చికిత్స సాగుతున్నా ఆగిపోయినా కొనసాగుతూ, బిడ్డ శరీరంతోపాటు మనసునూ కుటుంబాన్నీ పట్టించుకోవాలి. వసతులుంటే చాలు, ఇదంతా దానంతటదే జరిగిపోతుందనుకోవడానికి వీల్లేదు. క్యాన్సర్‌తో మరణించిన 103 మంది పిల్లల తల్లిదండ్రులతో మాట్లాడి అమెరికాలోని బోస్టన్ పరిశోధకులు 2000లో ప్రకటించిన అధ్యయనంలో, నొప్పికి మందు వాడిన పిల్లల్లో 27 శాతానికే అది సరిగా పనిచేసిందని తేలింది.

పిల్లల నొప్పిని గుర్తించడమే ఒక విద్య. మాటలు రాని బిడ్డ ముఖం చిట్లించడాన్నీ, కాళ్ళు ముడుచుకోవడాన్నీ, ఎత్తుకున్నా ఊరుకోకపోవడాన్నీ లెక్కలోకి తీసుకుంటారు. మూడేళ్ళు దాటినవారికి నవ్వు ముఖం నుంచి కన్నీటి ముఖం దాకా ఆరు బొమ్మలు చూపి, తమ బాధ ఎందులో ఉందో వేలు పెట్టి చూపమంటారు. అల్లరి చేయకుండా కదలక పడుకున్న బిడ్డను బుద్ధిమంతుడని మెచ్చుకోవడం పెద్దల అలవాటు గాని, కదిలితే నొప్పెడుతుందని కదలని బిడ్డలూ ఉంటారు.

తీవ్రమైన నొప్పికి ప్రధానమైన మందు మార్ఫిన్. నోటి ద్వారా ఇచ్చే ఈ మందు మోతాదును బిడ్డ బరువును బట్టి నిర్ణయించి, నొప్పి తిరగబెట్టేదాకా ఆగకుండా సాధారణంగా నాలుగు గంటలకొకసారి వేళ తప్పకుండా ఇస్తారు. దానివల్ల మలబద్ధకం దాదాపు తప్పదు కనుక విరేచనం సాఫీగా అయ్యే మందును మొదటి రోజు నుంచే జోడిస్తారు. బిడ్డ దానికి బానిస అవుతాడేమోనన్న తల్లిదండ్రుల భయం సహజమే అయినా, వైద్యుల పర్యవేక్షణలో నొప్పికి వాడినప్పుడు ఆ ప్రమాదం స్వల్పం. మన దేశంలో 1985 నాటి మాదకద్రవ్యాల చట్టం పెట్టిన అనుమతుల చిక్కుల వల్ల ఆసుపత్రులు మార్ఫిన్ జోలికే పోని కాలం చాలా ఏళ్ళు నడిచింది. 2014 సవరణ ఆ నిబంధనలను సడలించింది. హైదరాబాదులోని ఎం.ఎన్.జె. క్యాన్సర్ ఆసుపత్రి పిల్లలకు ప్రత్యేకంగా ఉపశమన వైద్య సేవలు అందిస్తున్నది.

మందుల కంటే కష్టమైనది మాట. బిడ్డకు ఏమీ తెలియకూడదని ఇంటిల్లిపాదీ దాచినా, పెద్దల గుసగుసల్ని బట్టి అతడు చాలావరకు గ్రహిస్తాడు. స్వీడన్‌లో బిడ్డలను పోగొట్టుకున్న తల్లిదండ్రులపై జరిగి 2004లో వెలువడిన అధ్యయనంలో, మరణం గురించి బిడ్డతో మాట్లాడిన 147 మందిలో ఒక్కరూ అందుకు చింతించలేదు. మాట్లాడని 258 మందిలో 69 మంది మాట్లాడి ఉంటే బాగుండేదని బాధపడ్డారు. మాట్లాడి తీరాలని తల్లిదండ్రులను బలవంతపెట్టడానికి ఈ అంకెలు ఆధారం కావు గాని, బిడ్డ తానై అడిగినప్పుడు మాట మార్చనక్కరలేదన్న ధైర్యం ఇస్తాయి.

చికిత్స హడావిడిలో అమ్మమ్మ ఊరికి పంపేసిన అక్కో తమ్ముడో తరచుగా ఎవరి లెక్కలోకీ రారు. తాము కొట్టినందువల్లే జబ్బు చేసిందని లోలోపల కుమిలే ఆ పిల్లలతో విడిగా మాట్లాడడం, బిడ్డ పోయాక కూడా కొన్ని నెలలపాటు కుటుంబం బాగోగులు విచారించడం ఉపశమన వైద్య బృందం పనిలో భాగమే.