విచారించిన తర్వాతే విశ్వసించండి

మేడ్చల్, శామీర్‌పేట ప్రాంతాల్లో నేడు పరిశ్రమలు, ఇళ్ళ స్థలాల వ్యాపారం పెరిగాయి. భూమి అమ్మిన సొమ్ము చేతిలో ఉన్న కుటుంబాలూ, పనికోసం వెతికే యువకులూ అక్కడ కనిపిస్తారు. ఫోను మోసగాళ్ళకు ఈ రెండు వర్గాలూ కావాలి.

వారి పద్ధతులు అనేకం, మూలం ఒక్కటే. భయమో, ఆశో చూపి ఆలోచించే వ్యవధి లేకుండా చేస్తారు. పోలీసు దుస్తుల్లో వీడియో కాల్‌లో కనిపించి ‘డిజిటల్ అరెస్టు’ అంటారు. మన దేశ చట్టంలో అటువంటి అరెస్టే లేదు. డబ్బు పంపుతాం, పిన్ నొక్కమంటారు. యూపీఐలో డబ్బు పుచ్చుకోవడానికి పిన్ అవసరం లేదు. నొక్కితే పోయేది మన సొమ్మే. వారు పంపే ఏపీకే ఫైలు తెరిస్తే మన ఓటీపీలు వారికి చిక్కవచ్చు.

నమ్మదగనివాడు వార్త తెస్తే విచారించి తెలుసుకోవాలని హుజురాత్ సూరా 6వ ఆయత్ బోధిస్తున్నది. కనుక ఫోను పెట్టేయండి. ఆ బ్యాంకునో, కార్యాలయాన్నో మీరే స్వయంగా సంప్రదించండి.

యువకులు మరొకటి గమనించాలి. కమీషన్ ఆశతో తన ఖాతాను ఇతరులకు అప్పగించినవాడు దోపిడీ సొమ్ముకు దారి ఇచ్చినట్లే. కేసులో అతడూ చిక్కుకుంటాడు. ఆ కమీషన్ హలాల్ సంపాదన కానేరదు.

మోసపోయినవారు సిగ్గుతో దాచరాదు. సొమ్ము త్వరత్వరగా ఖాతాలు మారుతుంది. వెంటనే 1930 నంబరుకు ఫోను చేస్తే దాన్ని మధ్యలోనే నిలిపివేయించే అవకాశం ఉంది. ఇంటివారు నిందలు మాని, మొదట ఆ ఫోను చేయించాలి.